గోడలో పైపు దండగ కాదు

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈమధ్య అడగకుండానే దొరుకుతున్న సలహా ఒకటుంది. "అంతా వైఫై అయిపోయాక గదిగదికీ నెట్ వైరెందుకండీ, దండగ! సిగ్నల్ అందకపోతే ఓ మెష్ సెట్టు కొనుక్కుంటే సరి." బిల్డరు ఇదే అంటాడు, ఇంటీరియర్ డిజైనరు ఇదే అంటాడు, అమెరికా నుంచి సెలవులకొచ్చిన మేనల్లుడూ ఇదే అంటాడు. మేనల్లుణ్ణి క్షమించవచ్చు. అక్కడి ఇళ్లలో గదుల మధ్య గోడలు చాలావరకు చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలకలే. మనవి ఇటుకా సిమెంటూ; బయట తొమ్మిదంగుళాలు, లోపల నాలుగున్నర. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇనుప ఊచలు పరిచిన స్లాబు. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ జిప్సం పలకను దాటినంత సులువుగా వీటిని దాటలేదు. వేగం కోసం ఎంత పై పౌనఃపున్యానికి పోతే, గోడ దగ్గర నష్టం అంత ఎక్కువ.

మెష్ దీనికి మందంటున్నారు. మెష్ పెట్టె సిగ్నల్‌ను కొత్తగా పుట్టించదు. పక్క పెట్టె నుంచి అందుకుని మళ్లీ పంపుతుంది. అందుకోవడం, పంపడం ఒకే ఛానల్ మీద జరిగితే అదే సమాచారం గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. వేగం సగానికి పడిపోతుంది. పెట్టెల మధ్య మాటలకే వేరే రేడియో ఉన్న ఖరీదైన సెట్లలో ఈ నష్టం తగ్గుతుంది, కాదనను. కానీ ఆ రేడియో కూడా అదే గోడను దాటాలి కదా! చాలా మెష్ పెట్టెలకు వెనక ఈథర్నెట్ పోర్టు ఉండేది ఇందుకే, కుదిరినచోట వైరుతో కలుపుకోమని. పెద్ద ఆఫీసుల్లో, హోటళ్లలో సీలింగుకు కనిపించే తెల్లటి వైఫై పెట్టెలకు పైనుంచి ఓ కేబుల్ దిగే ఉంటుంది. వైరును వైఫైకి పోటీగా నిలబెట్టడంలోనే ఈ సలహా బోల్తా పడింది. రెండు గదుల ఫ్లాటుకు హాల్లో ఒక్క రౌటరు చాలు. అక్కడ వైరు లాగమని నేనూ అనను.

ఇంకో వాదన ఉంది. ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది: "మేం వైరు వేయించాం, ఏం లాభం లేదు." లాభం లేకపోయిన మాట నిజమే కావచ్చు. నేరం వైరుదా, వేసిన తీరుదా? కరెంటు పనికి అలవాటుపడిన చెయ్యి ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు లూపు చేసుకుంటూ పోతుంది. నెట్ కేబుల్‌కు అది పనికిరాదు. ప్రతి గది నుంచీ రౌటరో స్విచ్చో ఉన్న ఒక్క చోటికి విడిగా లైను రావాలి. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 మెగాబిట్ల ఈథర్నెట్‌కు రెండు జతలు చాలేవి. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఇప్పటికీ కొందరు నాలుగు తీగలే క్రింప్ చేసి, మిగిలిన వాటిని ఇంటర్‌కమ్‌కు వాడేస్తారు. అప్పుడు ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా ఆ గదిలో 100 దాటదు. తిట్లు మాత్రం కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి!

అన్నిటికన్నా పెద్ద మోసం తీగలోనే ఉంది. చౌకగా దొరికే చాలా చుట్టల్లో ఉండేది రాగి కాదు, రాగిపూత పూసిన అల్యూమినియం. చాకుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. 305 మీటర్ల పెట్టె ఎత్తి చూసినా బరువు తేడా తెలిసిపోతుంది. ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. దీని నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. వంచితే తొందరగా విరుగుతుంది. అదే కేబుల్ మీద కరెంటు కూడా పంపే సీసీ కెమెరాలకైతే మరీ చేటు. పగలంతా బాగానే ఉన్న కెమెరా, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగేసరికి ఆగి ఆగి మొదలవుతుంది.

దీనికి విరుగుడుగా క్యాట్ 8 రకం కేబుల్ కొనమనేవాళ్లున్నారు. అది డేటా సెంటర్లలో 30 మీటర్ల దూరాలకు పుట్టింది. అసలైన రాగి క్యాట్ 6 గిగాబిట్‌ను 100 మీటర్లు మోస్తుంది, 10 గిగాబిట్లనూ అనుకూలిస్తే 55 మీటర్ల దాకా లాగుతుంది. ఇంట్లో అంత దూరం ఎక్కడుంది?

కరెంటు పైపులోనే నెట్ కేబుల్ కూడా తోసేయడం మరో తెలివి. దాన్ని వద్దనేవాళ్లు కూడా కారణం సరిగ్గా చెప్పరు, "నెట్ స్లో అవుతుంది" అంటారు. తీగలు జతలుగా మెలివేసి ఉన్నందువల్ల బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడి, చాలావరకు అవతలి కొసన రద్దవుతుంది. (అందుకే జాక్ దగ్గర ఆ మెలికను అరంగుళానికి మించి విప్పొద్దంటారు.) అసలు భయం వేరే. లాగేటప్పుడు ఇన్సులేషన్ ఒరుసుకుపోతే 230 వోల్టులు పిల్లవాడి కంప్యూటరు పోర్టు దాకా వస్తాయి. పైపు వేరుగా ఉండాల్సింది ప్రాణం కోసం, వేగం కోసం కాదు.

"అవసరమైనప్పుడు చూసుకుందాంలే" అన్నది చివరి మాట. స్లాబు పోసి, ప్లాస్టరింగ్ అయి, రంగులు వేశాక చూసుకోవడమంటే గోడకు మళ్లీ గాడి కొట్టించడమే. స్లాబు ఇనుము కట్టేరోజున 25 మిల్లీమీటర్ల పైపు వేరుగా వేయించడానికి అయ్యే ఖర్చు ఆ గాడి ఖర్చు ముందు లెక్కలోది కాదు. ఎల్బోలు వద్దు, నిదానంగా తిరిగే బెండ్లు వేయాలి. అవీ రెండు దాటితే మధ్యలో లాగడానికి ఓ జంక్షన్ బాక్సు పెట్టాలి. ఈరోజు కేబుల్ కొనకపోయినా ఫర్వాలేదు, ఖాళీ పైపులో ఒక నైలాన్ తాడు వదిలితే చాలు. పదేళ్లకు టెక్నాలజీ మారి క్యాట్ 6 పనికిరాకుండా పోతుందా? పోనివ్వండి. దాని కొసకే ఫైబరు కట్టి అవతలి నుంచి లాగుతారు.