హాజరుపట్టీలో కనపడని నీళ్ళు

కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దిగుతాయి. డెల్టా కాలవలూ, మురుగు కాలవలూ కలుస్తాయి. నీరు బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వానాకాలంలో లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో చినఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కి ఏలూరు-కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. దారి మునిగినా పట్నంలో క్లాసులు జరిగిపోతుంటాయి. లంక అమ్మాయి పేరు ఎదురుగా 'ఆబ్సెంట్' అని పడుతుంది.

ఈ ప్రాంతానికి కాలేజీలు కొత్తకాదు. ఏలూరులో సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945లో, ఆడపిల్లల కోసం సెయింట్ థెరిసా కాలేజీ 1953లో వచ్చాయి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం, గూడెంలో 2015లో ఎన్ఐటి వచ్చాయి. చదువు దగ్గరికొచ్చిన మాట నిజమే. వడ్డీల ఇళ్ళ నుంచీ, దళితవాడల నుంచీ మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయిని ఆ తరగతి గది నిలబెట్టుకుంటోందా అన్నదే ప్రశ్న.

డెబ్బై అయిదు శాతం హాజరు నిబంధన పరీక్షకే కాదు, ఫీజు రీయింబర్స్‌మెంటుకీ ఉంది. జబ్బుచేస్తే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కొంత మినహాయింపు అడగొచ్చు. ఊరు మునిగితే ఏ సర్టిఫికెట్ పెట్టాలి? దారి మూసుకుపోతే కొడుకుని పట్నంలో స్నేహితుల గదిలో ఉండమంటారు. కూతుర్ని ఇంట్లో ఉండమంటారు. సామాను పైకెత్తడం, చిన్నపిల్లల్ని చూసుకోవడం ఆమె పని. నీరు తీశాక ఫీజు రాలేదన్న కబురొస్తుంది. పెళ్ళి మాట మొదలవడానికి అంతకంటే ఏం కావాలి?

పాఠం చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో నేనూ హాజరు తక్కువైనవాళ్ళని క్లాసులో నిలబెట్టి పేర్లు చదివాను. క్రమశిక్షణ అనుకున్నాను. అలా నిలబడిన ఒక అమ్మాయి మర్నాటి నుంచి రాలేదు. వాళ్ళ ఊరి దారి మునిగిందని తర్వాతెప్పుడో తోటి పిల్లలు చెప్పారు. ఎందుకు రాలేదని నేను ఒక్కసారైనా ఆమెని విడిగా అడిగి ఉండాల్సింది.

1982లో అమెరికాలో రాబర్టా హాల్, బెర్నీస్ శాండ్లర్ ఒక నివేదిక రాశారు. అధ్యాపకులు మగపిల్లల్నే ఎక్కువగా ప్రశ్నలడగడం, ఆడపిల్లల మాటకి అడ్డం రావడం వంటి చిన్న చిన్న పనులే తరగతిని వాళ్ళకి చలిగదిగా మారుస్తాయన్నారు. మన గదుల్లో ఆ చలికి కులమూ, భాషా తోడవుతాయి. మొదటిరోజే అందరి ముందూ 'మీ నాన్నగారేం చేస్తారు?' అని అడుగుతాం. చేపల చెరువు మీద కూలి అని చెప్పాల్సిన పిల్ల తల దించుకుంటుంది. 2021-22లో మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. తెలుగులో అడిగిన ప్రశ్నకి నవ్వే అధ్యాపకుడు ఆ పిల్లని మూడేళ్ళపాటు నోరు మూసుకోమన్నట్టే.

అధ్యాపకుల కష్టాలు నాకు తెలియనివి కావు. గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి పిల్లలతో కూర్చునే తీరిక ఎక్కడిది? వాళ్ళలో ఎందరో స్త్రీలే. అయినా హాజరు సంగతి విడిగా మాట్లాడటానికీ, తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పడానికీ జీవో అక్కర్లేదు. వరద రోజుల్ని హాజరు లెక్కలోంచి తీసేయాలని విశ్వవిద్యాలయాన్ని అడగడం మాత్రం అందరం కలిసి చేయాల్సిన పని.

మన సంఘాలకి ఇందులో నేరుగా చోటుంది. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో స్త్రీల కోసం పనిచేసే సంస్థ నుంచి గానీ, ఈ సమస్యలు తెలిసినవాళ్ళ నుంచి గానీ బయటివాళ్ళు ఒకరు సభ్యులుగా ఉండాలి. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదు విచారించేటప్పుడు ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి. మీ ఊరి కాలేజీకి వెళ్ళి ఆ పేర్లు ఎక్కడ రాసిపెట్టారో చూపించమనండి. ఎన్నిక ఎప్పుడు జరిగిందో అడగండి.

ఆడపిల్లకి తరగతిలో నిర్భయంగా కూర్చునే చోటివ్వడం టీచరు దయాగుణం మీద వదిలేసే విషయం కాదు. అది ఆమె హక్కు. వచ్చే వానాకాలం లోపే ఆ మాట కాలేజీల గుమ్మాల్లో నిలబడి చెబుదాం.