ఇంకెంత దూరం, నాన్నా?



ఇంటిల్లిపాదీ ఒకే వేగంతో చేసే పని ఈ రోజుల్లో ఏముంది? ఆ ఆలోచనతోనే ఈ వేసవి సంచికను, వీపున సంచి తగిలించుకుని రోజుల తరబడి నడిచే కుటుంబాలకు కేటాయించాం.

అలా నడిచే దారుల్లో ఒకటైన అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ జార్జియాలో మొదలై మెయిన్‌లో ముగుస్తుంది. 14 రాష్ట్రాలు, సుమారు 3,500 కిలోమీటర్లు. పెన్సిల్వేనియాలో కొండలు మరీ ఎత్తేం కాదు, బాధంతా రాళ్లతోనే. మంచుయుగంలో నీరు బండల పగుళ్లలో గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి వాటిని ముక్కలు చేసింది. ఆ ముక్కలే అంచులు పైకి పెట్టుకుని ఇప్పటికీ దారంతా కూర్చున్నాయి. నడిచేవాళ్లు ఆ రాష్ట్రాన్ని ముద్దుగా 'రాక్సిల్వేనియా' అంటారు. (ముద్దెంతో బూట్లు అరిగినవాళ్లనే అడగాలి.)

అక్కడ అడుగు ఎక్కడ వేయాలో చూసుకోవడంతోనే పొద్దు గూకుతుంది. తలెత్తి చూడాలంటే ఆగాలి. ఆగితే చిన్నవాడు "ఇంకెంత దూరం, నాన్నా?" అంటాడు. ఈ సంచికలో దాదాపు ప్రతి రచనలోనూ ఆ ప్రశ్న వినిపిస్తుంది. ఒకచోట తల్లి మారుమాట్లాడకుండా కూతురి సంచిలోని నీళ్ల సీసా తీసి తన సంచిలో వేసుకుంటుంది. మాకు బాగా నచ్చిన ఘట్టం అదే. వీరగాథలూ రెండు మూడొచ్చాయి, పక్కన పెట్టేశాం.

శివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లినవాళ్లకు ఇలాంటి రాళ్లదారి సంగతి మేం చెప్పక్కర్లేదు.

మీ ఇంట్లోవాళ్లు కలిసి నడిచిన దారి ఉంటే రాసి పంపండి. ఎక్కడ కూలబడ్డారో మాత్రం దాచకండి.