ఆన్‌లైను థెరపీ – మన రైతులు ఏమి ఆశింపవచ్చును?

గత మాసమున సభ్యులలో ఒకరు సంఘ కార్యాలయమునకు వచ్చి, ఎరువుల బస్తాల లెక్క ముగిసిన పిదపను కదలక, తక్కినవారందఱు లేచిపోవు వఱకు కూర్చుండిరి. పిమ్మట మెల్లగా సెల్ ఫోను తీసి చూపి, “అయ్యా, గంటకు పదునైదు వందలు పుచ్చుకొని మనసులోని బాధ విను వారు ఇందులో నున్నారట. ఇది నిజమా, మోసమా?” అని యడిగిరి. రెండేండ్లు వరుసగా పత్తిలో నష్టపడినవారు. ఆఱు మాసములుగా సరియైన నిద్ర యెఱుగనివారు. ఆ క్షణమున మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత విచారించి తెలిసికొన్నదానిని వారికి చెప్పితిమి. ఇట్టి ప్రశ్నను మనసులోనే యుంచుకొని యడుగ సంకోచించువారు మఱికొంద ఱుందురని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఇది మోసము కాదు. విషాదము, ఆందోళన వంటి సామాన్యబాధలకు వీడియో ద్వారా జరుగు చికిత్స, ఎదురుగా కూర్చుండి చేయు చికిత్సకు దాదాపు సమానమైన ఫలమునే యిచ్చుచున్నదని పలు పరిశీలనలు తెలుపుచున్నవి. అయితే డబ్బు చెల్లించి కొనుచున్న సేవ గనుక, ఇందు ఏమి దొరకును, ఏమి దొరకదు అన్నది ముందుగా నెఱుగుట మంచిది.

శిక్షణ పొందిన యొక వ్యక్తి నిర్ణయించిన వేళకు వీడియోలోగాని ఫోనులోగాని నలుబదియైదు నిమిషములు మొదలు గంట వఱకు మనతో మాటలాడును. సాధారణముగా వారమున కొకసారి. మొదటి దినమంతయు ప్రశ్నలతోనే గడచును. నిద్ర యెట్లున్నది, ఆకలి యున్నదా, ఇంట నెవరెవరున్నారు, త్రాగుడు కలదా, ఈ బాధ ఎన్నడు మొదలైనది, చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా అని యడుగుదురు. ఈ కడపటి ప్రశ్నకు కోపగింపరాదు. అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపును దాచుటయే ప్రమాదము. మీరున్న యూరి పేరు, దగ్గఱి బంధువు ఫోను నంబరు కూడ వ్రాసికొందురు. ఎక్కడనో పట్టణమున నున్నవారు, అవసరమైనపుడు మీ కొఱకు ఎవరిని పిలువవలెనో తెలియుటకే ఈ యేర్పాటు.

మొదటి గంట ముగిసినంతనే “అంతయు నేనే మాటలాడితిని, ఆయన చెప్పిన దేమున్నది? డబ్బు దండుగ” అని మన సభ్యులకు తోచవచ్చును. మట్టి పరీక్షకు మన్ను తీసికొనిపోయినవాడు ఆ గట్టు మీదనే ఎంత యూరియా వేయవలెనో చెప్పునా? రెండవ మూడవ వారముల నుండి పని మొదలగును. ఇంటివద్ద చేయుటకు చిన్నచిన్న పనులు పెట్టుదురు. రాత్రి ఏ యాలోచన వచ్చి నిద్ర చెడగొట్టినదో కాగితముపై వ్రాయుమందురు. మానివేసిన పని నొకదానిని, పొద్దుటి పూట పొలము చుట్టి వచ్చుటయే కానిండు, తిరిగి మొదలుపెట్టుమందురు. “పంట పోయినది గనుక నేను ఇంటికి పనికిరానివాడను” అని రైతు అనినచో ఆ ‘గనుక’ ఎంతవఱకు నిజమో వానితోడనే తరచి చూపింతురు. పొలము అమ్మవలెనా, ఉంచవలెనా, పిల్ల పెండ్లి ఎప్పుడు చేయవలెను అన్న వానికి వారు తీర్పు చెప్పరు. చెప్పుట వారి పని కాదు. ఊరి పెద్దమనిషి యొద్దకు పోయినట్లు భావించి పోయినవారు నిరాశ చెందుదురు.

ఎన్ని వారములు? సామాన్యమైన విషాదమునకు ఆఱు మొదలు ఇరువది కూర్చుండుల వఱకు పట్టును. నాలుగైదింటికి ఏ మార్పును తోచనిచో ఆ మాట వారితోనే చెప్పవలెను. మంచి థెరపిస్టు అందులకు నొచ్చుకొనక పద్ధతినైనను మార్చును, మఱియొకరి యొద్దకైనను పంపును.

ఇక అప్పు సంగతి. థెరపీ వలన అప్పు తీఱదు, మిరప ధర పెరుగదు. రైతు దుఃఖమంతయు మనసులోనే యున్నదని చెప్పువాడు రైతు నవమానించుచున్నాడని మా దృఢమైన యభిప్రాయము. అయినను ఆఱు మాసములు నిద్రలేనివాడు తన లెక్క తాను చూచుకొనలేడు. గడువు పొడిగింపునకు వేళకు దరఖాస్తు పెట్టలేడు. ఇంట చీటికి మాటికి కలహించును. మనసు కుదుటపడినచో అప్పు అట్లే యుండును గాని దానితో కూర్చుండి మాటలాడు శక్తి వచ్చును. ఆ తరువాతి పని థెరపిస్టుది కాదు, సంఘముది.

ఎవరి యొద్దకు పోవలెను? విత్తనాల సంచికి ధ్రువీకరణ చీటీ ఉన్నదో లేదో చూడక కొనమే, ఇచ్చటను అంతే. సైకియాట్రిస్టు అనగా వైద్యవిద్య చదివి మనోవ్యాధులలో ప్రత్యేకశిక్షణ పొందిన డాక్టరు. మందులు వ్రాయుటకు అధికారము వీరికి కలదు. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య నియమముల ప్రకారము వీరు మందుల చీటీపై తమ రిజిస్ట్రేషను నంబరు చూపవలెను. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయరు, మాటలతోనే చికిత్స చేయుదురు. వీరి పేర్లు భారత పునరావాస మండలి పట్టికలో నుండవలెను. కౌన్సెలరు, కోచి అను పేర్లు మాత్రము చాలమంది తమకు తామే తగిలించుకొనుచున్నారు. వారిలో సమర్థులు లేరనము. కాని ఏమి చదివితిరి, ఎక్కడ శిక్షణ పొందితిరి, తెలుగులోనే మాటలాడుదురా అని ముందుగా నడుగుటలో తప్పులేదు. ఆ ప్రశ్నలకే చిరాకుపడువాని యొద్ద మన కష్టము చెప్పుకొనుట యెట్లు?

ఫీజు కొన్ని వందల రూపాయల నుండి రెండు మూడు వేల వఱకు నున్నది. మాకు తెలిసిన యొక రైతు పది కూర్చుండులకు ఒక్కసారిగా డబ్బు కట్టిరి. రెండవదాని తరువాత మనిషి మారెను. మూడవదానికి ఎవరును రాలేదు. డబ్బు తిరిగి రాలేదు. కావున మొదట ఒక్కదానికే చెల్లించి చూడవలెను. రాలేకపోయినచో ఎంతకు ముందు చెప్పవలెను, నడుమ సిగ్నలు పోయినచో ఫోను చేయుదురా, ఆ కాలమునకు కూడ ఫీజు కట్టవలెనా అను మూడును మొదటనే తేల్చుకొనవలెను. మఱియొక మాట. ఈ మధ్య సెల్ ఫోనులలో మనిషివలెనే బదులు చెప్పు యంత్రములు వచ్చినవి. అవి ఊఱడింపు మాటలు చెప్పవచ్చును గాని మన యూరికి మనిషిని పంపలేవు.

రహస్యము దక్కునా యని సభ్యులు భయపడుదురు. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సంగతులు రహస్యముగా నుంచవలెనని విధించినది. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములు మాత్రమే దీనికి మినహాయింపు. ఇక అప్పు మంజూరుకు ఇట్టి సంగతులు సంఘము అడుగదు. అడుగరాదు.

ప్రైవేటు థెరపిస్టు తగని సందర్భములు కొన్ని గలవు. చనిపోవలెనను తలంపు బలపడినపుడు వచ్చేవారము కొఱకు వేచియుండరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరునకు రేయింబవళ్లు ఎప్పుడైనను, తెలుగులో, ఉచితముగా మాటలాడవచ్చును. అట్టివానిని ఒంటరిగా విడువక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. లేని మాటలు వినబడువారికి, త్రాగుడు మానగానే వణకు, ఫిట్సు వచ్చువారికి సెల్ ఫోను చాలదు. జిల్లా ఆసుపత్రి గాని, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ, విశాఖపట్టణముల మానసిక వైద్యశాలలు గాని శరణ్యము. ఉచిత నంబరుండగా ప్రైవేటువారికి డబ్బేల యని యడుగవచ్చును. ఫోను చేసిన ప్రతిసారియు ఒకే మనిషి పలుకుట అచ్చట అరుదు. వారము వారము మన కథ నెఱిగిన ఆ యొక్కరే వినుటకు ఇచ్చట చెల్లించుచున్నాము. రెండును అక్కఱకు వచ్చునవే.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. థెరపిస్టు మొదట నడుగునది, “గదిలో మీరొక్కరే యున్నారా?” అని. మన యిండ్లలో ఎవ రొక్కరుందురు? అరుగు మీద మాటలాడిన వీధి వినును. లోపల మాటలాడిన తల్లి, భార్య, పిల్లలు విందురు. పొలము గట్టున సిగ్నలు నిలువదు. ఆడువారి కష్టము ఇంకను హెచ్చు. ఫోనే భర్త జేబులో నుండును. డబ్బున్నను, మంచి థెరపిస్టు దొరకినను, గంటసేపు తలుపు మూసికొను చోటు లేక ఈ చికిత్స మొదటి దినముననే ఆగిపోవుచున్నది.

2022లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు అమర్చు పథకము నామోదించినది. ఆ పనికి కావలసిన ఇంటర్నెట్టు అనేక సంఘములలో నున్నది. మన గోదాము ప్రక్కనున్న పాత రికార్డుల గది మధ్యాహ్నములందు ఖాళీగానే పడియున్నది. వారమునకు రెండు దినములు, ఒకటి స్త్రీలకు, గంట చొప్పున ఆ గదిని సభ్యుల కిచ్చుట సంఘమునకు భారము కాదు. ఎందుకని యడుగకుండుట, రిజిస్టరులో కారణము వ్రాయకుండుట నియమముగా నుండవలెను. ఈ ప్రతిపాదనను పాలకవర్గము ముందుంచుచున్నాము. తాళపుచెవి ఎవరి యొద్ద నుండిన సభ్యులు సంకోచము లేక వచ్చి అడుగుదురో, ఆ పేరును మాకు వ్రాసి పంపగోరుచున్నాము.