కాలువ చూడని కాగితాలు

ఆ మధ్య కురిచేడులో మార్కాపురం వైపు వెళ్లే రైలెక్కాను. ఎదురు సీట్లో ఇద్దరు ఉద్యోగినులు. ఒకావిడ ఇరిగేషన్ ఆఫీసులో, రెండో ఆవిడ పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ ఆఫీసులో చేస్తారట. ఇద్దరిదీ ఒకే రకం సీటు. టెండరు కాగితాలు, అగ్రిమెంట్లు, బిల్లులు. జీతమూ ఇంచుమించు ఒకటే.

మాటల్లో మాటగా రెండో ఆవిడ, "మా ఊరి సిమెంటు రోడ్డు బిల్లు నేనే చేశానండీ. వానాకాలంలో పిల్లలు బురద తొక్కకుండా బడికి పోతుంటే ఎంత హాయిగా ఉంటుందో!" అంది. మొదటావిడ కిటికీలోంచి చూస్తూ, "పద్దెనిమిదేళ్లుగా కాలువ పనుల అగ్రిమెంట్లు రాస్తున్నాను. ఒక్కసారి కూడా ఆ పని కోసం కాలువ గట్టెక్కలేదు" అంది.

ఉద్యోగంలో తృప్తి అనగానే మనకు జీతం, ప్రమోషను, ఇంటికి దగ్గర్లో పోస్టింగూ గుర్తొస్తాయి. అవీ కావాలి, కాదనను. కానీ ఈ కాంట్రాక్టు సెక్షన్ల సంగతి వేరు. ఒక పని పుట్టాలంటే ముందు ఎస్టిమేటు, తర్వాత పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, ధరావతు, అగ్రిమెంటు. పని మొదలయ్యాక ఎం.బుక్కులో కొలతలు, వాటిని పై అధికారి మళ్లీ కొలవడం, ఆ పైన బిల్లు. ప్రతి మెట్టు దగ్గరా ఓ సంతకం, ఓ అభ్యంతరం. ప్రజల డబ్బు గనుక ఈ జాగ్రత్తలు ఉండాల్సిందే. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక టెండరు పెట్టె దగ్గర కాంట్రాక్టర్ల మనుషుల హడావిడి తగ్గి తమకు కాస్త ఊపిరాడిందని నాకు తెలిసిన పాత ఉద్యోగినులు అంటుంటారు. అయితే ఇన్ని మెట్లలో ఒక్కటి కూడా కాగితం రాసిన మనిషిని పని జరిగే చోటికి తీసుకెళ్లదు.

చిన్న పనులైతే ఏడాదిలో కంటికి కనిపిస్తాయి. పెద్ద పనుల మాటేమిటి? వెలిగొండనే చూడండి. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిపోయిన మన పడమటి ఊళ్లకు కృష్ణ నీళ్లివ్వాలని 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కిందుగా 18 కిలోమీటర్లకు పైగా సాగే జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024లో. శంకుస్థాపన నాడు జూనియర్ అసిస్టెంటుగా చేరిన అమ్మాయికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు! ఎన్ని గడువు పొడిగింపులు, ఎన్ని సవరించిన అంచనాలు టైపు చేసి ఉంటుందో.

నేరుగా భర్తీ చేసే సర్కారు కొలువుల్లో స్త్రీలకు 30 శాతం దాకా ప్రాధాన్యం ఇవ్వాలని 1984లో రాష్ట్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా ఆఫీసు గడప తొక్కాం. సైటుకు వస్తామంటే మాత్రం "ఎండలో మీకెందుకమ్మా" అంటారు. ఇదో మర్యాద! ఉపాధి హామీ పనుల్లో ఇన్నేళ్లూ ఆ ఎండలోనే మట్టి మోసింది ఆడవాళ్లు కాదూ?

ఔట్‌సోర్సింగ్ అమ్మాయిల పరిస్థితి మరీ అన్యాయం. కోట్ల రూపాయల కాంట్రాక్టులు కంప్యూటర్లోకి ఎక్కించే పిల్లకు తన ఉద్యోగం వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలామంది విషయంలో ఆ తీర్పు ఇంకా కాగితం దాటి రాలేదు.

నేనడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కొలతలకు వెళ్లే ఇంజినీరు జీపులో, ఆ ఫైలు చూసే ఉద్యోగినికీ చోటివ్వండి. మూడు నెలలకోసారైనా చాలు. తృప్తి మాట అటుంచండి. కాలువ కళ్లారా చూసిన మనిషి టేబులు మీదికి వంద మీటర్లు ఎక్కువ రాసిన బిల్లొస్తే ఇట్టే పట్టేస్తుంది. బహుశా కొందరికి ఇబ్బంది అక్కడేనేమో!

మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగబోతూ మొదటావిడ మరో మాట చెప్పింది. వాళ్ల పుట్టింటి పొలం సాగర్ కుడికాలువ ఆయకట్టు చివర్లోనే ఉందట. 1967లో ఆ కాలువకు నీళ్లు వదిలారు. "కాలువ ఆఫీసులోనే ఉన్నావుగా, మన చివరికి నీళ్లెందుకు రావడం లేదో చెప్పమ్మా అని మా నాన్న నన్నే అడుగుతాడండీ" అంది.