పడవలైపోయిన పుస్తకం



ఈ వారం నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మూడేళ్ళ కింద ఏప్రిల్ 14కి మా పల్లె పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాశాను. బాబాసాహెబ్ జీవితం, 32 పేజీలు. చందాలు వేసుకుని 500 కాపీలు అచ్చేయించాం. జెండా ఎగరేశాక పిల్లల్ని వరసలో నిలబెట్టి తలా ఒక పుస్తకం, ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చాం. బిస్కెట్లు అక్కడికక్కడే అయిపోయాయి. పుస్తకం సంగతి వానలు పడ్డాక తెలిసింది. వీధి కాలవ నిండితే అందులో నా పేజీలు పడవలై పోతున్నాయి. ఒక పడవ పక్కన ‘రాజ్యాంగ నిర్మాత’ అన్న అక్షరాలు కనబడ్డాయి.

ముందు కోపమొచ్చింది. ‘వీళ్ళ కోసమా మనం ఇంత కష్టపడింది’ అనుకున్నాను. ఇంటికొచ్చి, మిగిలిన కాపీ తీసి పైకి చదివాను. మొదటి పేజీలో పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు. తర్వాత డిగ్రీల జాబితా. తర్వాత ఆయన పెట్టిన సంఘాలు, పత్రికలు. చివర్లో ‘బాలలారా, మీరూ ఆయన బాటలో నడవండి’ అని నా ఉపదేశం. నాలుగో పేజీకి నాకే ఆవలింత వచ్చింది. పిల్లలు పుస్తకాన్ని అవమానించలేదు. దాంతో చెయ్యగలిగిన పని ఒకటి కనిపెట్టారు, అంతే.

తర్వాత కొన్నాళ్ళకు, సాయంత్రం ట్యూషన్లో కరెంటు పోయింది. పిల్లలు గోల. ఏం చెయ్యాలో తోచక, బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్న మొదటి సంగతి నోటితో చెప్పడం మొదలుపెట్టాను. 1901. భీముడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, వేసవి సెలవులకి రమ్మన్నాడు. భీముడు, అన్న, అక్క కొడుకులు బయలుదేరారు. అంతకుముందు వాళ్ళలో ఎవరూ రైలు చూడలేదు. కొత్త చొక్కాలు, తళతళలాడే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు.

‘టోపీ ఏం రంగన్నా?’ అని ఒకడు.

‘బూట్లు కరిచినయ్యా?’ అని ఇంకొకతె.

మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ వచ్చి ‘ఎవరు బాబూ మీరు’ అని అడిగాడు. మహర్లమని చెప్పగానే అతని మొహం మారిపోయింది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకి ఒప్పుకున్నాడు. షరతేమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు.

‘వాళ్ళే తోలారా? ఎద్దులు మాట విన్నాయా?’ పిల్లలు నా మీదికి ఎక్కేశారు.

చీకటి పడింది. గిన్నెల్లో అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. సుంకం గేటు దగ్గర అడిగినా దొరకలేదు. పస్తు పడుకున్నారు.

ఇక్కడ ఆపేశాను. ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆరో తరగతి పిల్ల అంది: ‘మా నాయనమ్మకి టీ కొట్టు కాడ కొబ్బరి చిప్పలో పోసేవాళ్ళంటన్నా.’ ఆ తర్వాత ఒక్కొక్కళ్ళూ వాళ్ళ ఇళ్ళల్లో విన్నవి చెప్పారు. నేనేమీ బోధించలేదు. ఆ రోజు ట్యూషన్ ఎనిమిదిన్నర దాకా నడిచింది.

మనిషి అదే, కులం అదే, అవమానం అదే. నా పుస్తకం పడవైంది, ఈ కథ వాళ్ళ గుండెల్లో దిగింది. తేడా ఎక్కడుంది? నా పుస్తకంలో ఒక మహానుభావుడు ఉన్నాడు. ఈ కథలో కొత్త టోపీ పెట్టుకున్న ఒక పిల్లాడు ఉన్నాడు. వాడికి నాన్న దగ్గరికి పోవాలని ఉంది, ఎద్దుల బండి తోలాల్సి వచ్చింది, దాహమేసింది. పిల్లలు ముందు ఆ పిల్లాడి చొక్కాలో దూరారు. అప్పుడు కులం వచ్చి తగిలింది. నేను ముందు కులాన్ని చెప్పాను, పిల్లాణ్ణి చెప్పడం మర్చిపోయాను.

నా చిన్నప్పుడు నన్ను పట్టుకున్న పుస్తకం చందమామ. 1947 జులై నుంచి ఇంటింటికీ పోయిన పత్రిక. మాకు మాత్రం పాత సంచికలే, అవీ మా అమ్మ పనిచేసే ఇంట్లోంచి వచ్చేవి. అందులో రాజులు, మంత్రులు, జమీందార్లు, పండితులు. నేను చదివిన సంచికల్లో మా ఇల్లు లాంటి ఇల్లు ఒక్కటీ తగల్లేదు. ఆ కోపం నాకింకా ఉంది. కానీ వదలకుండా ఎందుకు చదివానో కూడా ఒప్పుకోవాలి. భుజం మీద శవం, ఆ శవంలో బేతాళుడు, కథ చెప్పి చివర ఒక చిక్కు ప్రశ్న. భయం పుట్టిస్తుంది, ఆలోచించమంటుంది, నువ్వు జవాబు చెప్పగలవని నమ్ముతుంది. మన పుస్తకాలు పిల్లల్ని అలా నమ్ముతున్నాయా? మనం జవాబు ముందే రాసేసి, చివర్లో వాళ్ళచేత వల్లె వేయిస్తున్నాం.

జపాన్ పిల్ల ‘తోత్తో-చాన్’ కథ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. అది మా పిల్లల చేతుల్లో నలిగి నలిగి అట్ట ఊడిపోయింది. కారణం సులువు. ఆ పిల్లని ఒకటో తరగతిలోనే బళ్ళోంచి పంపించేశారు. డెస్కు మూత పదే పదే తెరిచి మూస్తుంది, కిటికీలోంచి వీధి వాద్యగాళ్ళని పిలుస్తుంది. అల్లరి పిల్ల. మన కథల్లో దళిత పిల్లకి అల్లరి చేసే హక్కు ఉందా? ఉంటే చదువులో ఫస్టు రావాలి, లేదంటే ఏడవాలి. పాఠకులు జాలి పడటానికి ఒక పిల్ల, మెచ్చుకోవడానికి ఒక పిల్ల. మామిడికాయ దొంగిలించి, అబద్ధమాడి, నవ్వి, తన్నులు తప్పించుకునే పిల్ల ఏది?

మనవాళ్ళు చెయ్యలేదని కాదు. హైదరాబాద్ ‘అన్వేషి’ 2008 ప్రాంతంలో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల గారి కథ పేరులోనే తాటకి గెలుస్తుంది. రాక్షసి అని మనకి నేర్పిన పేరు అక్కడ గెలిచిన పిల్లది. మహమ్మద్ ఖదీర్‌బాబు కథకి తలకాయ కూరే విషయం. పుస్తకంలో ఆ కూర వాసన రావడం మన పిల్లలకి ఎంత పెద్ద సంగతో, పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ వేరేవాళ్ళ వంటిల్లే చూసినవాళ్ళకి తెలుస్తుంది. రెండు చోట్లా ఉపన్యాసం లేదు. పేరు, కూర, ఒక పిల్ల తెగువ. మిగతాది చదివేవాళ్ళే పట్టుకుంటారు.

ఉద్యమ మిత్రులు ఒకరు నాతో అన్నారు: ‘పల్లె తగలబడుతుంటే మామిడికాయల కథలేంటన్నా?’ అన్నా, పల్లె తగలబడిన రోజు కూడా అక్కడ పిల్లలు ఉన్నారు. వాళ్ళకి గుర్తుండేది ఏ కోడిపిల్ల తప్పిపోయిందో, ఏ బొమ్మ కాలిందో. అక్కణ్ణించి మొదలుపెట్టు, మంట దానంతటదే కనబడుద్ది. ఇంకో వైపు పెద్దమనుషులు అంటారు: ‘పసివాళ్ళకి కులం గురించి ఎందుకు చెప్పడం?’ అయ్యా, మన పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. బడిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో ఒకటో తరగతిలోనే చూశారు. వాళ్ళకి తెలిసినదాన్ని పుస్తకం దాచిపెడితే, పుస్తకం అబద్ధమని వాళ్ళకి తెలిసిపోద్ది. ఆ తర్వాత ఏ పుస్తకాన్నీ నమ్మరు.

విద్యార్థి మిత్రులారా, మీకో పని. ఈసారి సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు ఒక కథ రాసుకెళ్ళండి. మీ ఇంటి భాషలోనే రాయండి. అచ్చుకి ఇవ్వద్దు. వీధిలో పదిమంది పిల్లల్ని పోగేసి పైకి చదవండి. ఏ వాక్యం దగ్గర వాళ్ళ కళ్ళు కుక్కపిల్ల మీదికి పోయాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ వాక్యం మీకు ఎంత ఇష్టమైనా కొట్టేయండి. నేనైతే గీతలు పెట్టగా పెట్టగా నా 32 పేజీల్లో మూడు మిగిలాయి.

ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. ఈసారి మొదటి పేజీలో పుట్టిన తేదీ లేదు, టోపీ ఉంది. రంగు మాత్రం ఇంకా తేలలేదు. బాబాసాహెబ్ రాయలేదు కాబట్టి పిల్లల్నే అడిగాను. సగం మంది ఎరుపంటున్నారు, సగం మంది నీలం.

జై భీమ్.