శకునం చూశారు సరే, పాలసీ చూశారా?

'మూగమనసులు' గుర్తుంది కదూ? 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన సినిమా. కిందటి జన్మలో గోదాట్లో మునిగిపోయిన జంట ఈ జన్మలో మళ్ళీ పుట్టి, మళ్ళీ అదే గోదావరి మీద పడవెక్కుతుంది. సినిమాలో నాయికా నాయకులకి పునర్జన్మే ఇన్సూరెన్సు. ప్రీమియం లేదు, నామినీ లేదు, క్లెయిము ఫారం అంతకన్నా లేదు. రూపాయి పెట్టి టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూచున్న మనకి మాత్రం ఆ సదుపాయం లేదండి!

ఆ తర్వాత 1973లో బాపుగారి 'అందాలరాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చాయి. రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలానికి గోదావరి మీద సాగే ప్రయాణాలే. ఆ సినిమాలు చూసి, ఒక్కసారైనా పాపికొండలు చూసి రావాలని అనుకోని తెలుగువాడు ఎవడైనా ఉంటే వాణ్ణి మ్యూజియంలో పెట్టాలి.

అయితే సినిమా గోదావరి వేరు, సెప్టెంబరు గోదావరి వేరు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. సిబ్బందితో కలిపి 77 మందితో పాపికొండలకి బయల్దేరిన 'రాయల్ వశిష్ఠ' బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో మునిగిపోయింది. ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. వాళ్ళని ఒడ్డుకి చేర్చడానికి ముందు వచ్చింది ఆ చుట్టుపక్కల గిరిజనులు. కాకినాడ ధర్మాడి సత్యంగారి బృందం ఎన్నో తంటాలు పడి బోటుని బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. మరణించినవారి కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం పదేసి లక్షలు ప్రకటించింది.

వాళ్ళంతా ఎందుకు వెళ్ళారు? సరదాకి. ఓ ఆదివారం పూట పిల్లలకి గోదావరి చూపిద్దామని. అందుకే ఈ వారం కబుర్లలో హీరోయిన్ల సంగతి పక్కనబెట్టి ఓ చప్పిడి విషయం ఎత్తుకుంటున్నాను. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ప్రయాణపు ఇన్సూరెన్సు కొనుక్కోవాలా, అక్కర్లేదా?

మన ఇళ్ళల్లో ఈ చర్చ ఎలా నడుస్తుందో మీకు తెలీనిది కాదు.

"ఏవండీ, ఆ ఇన్సూరెన్సు గళ్ళో టిక్కు పెట్టారా?"

"శుభమా అంటూ ఊరెళ్తూంటే చావు కబుర్లేమిటే! ముందు కిటికీ పక్క బెర్తు వచ్చిందో లేదో చూడనీ."

"బెర్తు ఒక్క రాత్రికండి. మనం చూసుకోవాల్సింది ఆ తర్వాత సంగతి."

అంతటితో చర్చ సమాప్తం. పిల్లి ఎదురొస్తే పది నిమిషాలు ఆగి మంచినీళ్ళు తాగి బయల్దేరతాం. రాహుకాలం చూస్తాం, వర్జ్యం చూస్తాం. ఇన్సూరెన్సు మాటెత్తితే మాత్రం అపశకునం అంటాం. నిజానికి శకునం చూడ్డమూ, పాలసీ చూడ్డమూ రెండూ ఒకే భయం నుంచి పుట్టినవే. మొదటిదానికి రసీదు ఉండదు, అంతే తేడా.

ఏజెంటుగారు కనిపిస్తే అన్నీ కొనమంటారు. మామయ్యగారు కనిపిస్తే ఏదీ కొనొద్దంటారు. ఇద్దరి మాటా వినక్కర్లేదు. భరించగల నష్టానికి ఇన్సూరెన్సు దండగ. భరించలేని నష్టానికి ఇన్సూరెన్సు మానెయ్యడం దండగ. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతావన్నీ దారిలోకొస్తాయి.

ఊటీ వెళ్దామనుకున్నారు, చంటాడికి జ్వరం వచ్చి ప్రయాణం మానుకున్నారు. టిక్కెట్ల మీద కొంత పోతుంది, హోటలు అడ్వాన్సు పోతుంది. బాధే, కానీ ఆ డబ్బు పోతే ఇంట్లో పొయ్యి వెలక్కుండా పోదు. సూట్‌కేసు పోయింది, అందులో నాలుగు చీరలు, ఓ టవలు. మీ ఆవిడ ఏడాదిపాటు ఆ చీరల గురించే చెబుతుంది గానీ సంసారం నడుస్తుంది. ఇలాంటివాటికి వందలు పోసి పాలసీ కొనడం, గొడుగు తడుస్తుందేమోనని గొడుక్కో గొడుగు పట్టడం లాంటిది.

సంపాదించే మనిషే పోతే? కాలో చెయ్యో పోయి మంచాన పడితే? పరాయి దేశంలో ఆస్పత్రి పాలైతే? ఆ నష్టాన్ని ఏ ఇల్లూ భరించలేదు. అసలు చూడాల్సింది ఇక్కడ.

ముందు రైలు సంగతి. మన డెల్టావాళ్ళకి రైలంటే గౌతమి, గోదావరి, సర్కారు. 2008 ఆగస్టు 1 తెల్లవారకముందే, సికిందరాబాదు నుంచి కాకినాడకి వస్తున్న గౌతమి ఎక్స్‌ప్రెస్ వరంగల్ జిల్లా కేసముద్రం దగ్గర అంటుకుంది. ముప్పై మందికి పైగా ఆహుతైపోయారు. ఇంటికొస్తున్న జనం వాళ్ళు. ఇప్పుడైతే ఐఆర్‌సీటీసీలో టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఒక గడి కనిపిస్తుంది. మనిషికి 45 పైసలు. అక్షరాలా నలభై అయిదు పైసలు! ఆ ప్రయాణంలో రైలు ప్రమాదం జరిగి ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు. పాక్షికంగా శాశ్వత వైకల్యమైతే 7.5 లక్షలు. గాయాలకి ఆస్పత్రి ఖర్చు 2 లక్షల దాకా. ఈ రోజుల్లో 45 పైసలకి అగ్గిపుల్లలు కూడా రావు. దీనికి లెక్కలేసుకోవడం అనవసరం, టిక్కు పెట్టెయ్యండి.

కానీ ఇందులో మూడు మెలికలున్నాయి. ఒకటి, ఇది ఆన్‌లైన్లో తీసుకున్న టిక్కెట్టుకే, అదీ బెర్తు ఖాయమైనవాళ్ళకీ, ఆర్‌ఏసీ వాళ్ళకీనూ. స్టేషను కౌంటర్లో కొన్న టిక్కెట్టుకి లేదు, వెయిటింగు లిస్టుకీ లేదు. రెండు, రైల్లో కూచున్నవాడికి గుండెపోటు వస్తే ఇది పలకదు. రైలుకి జరిగిన ప్రమాదమో, రైల్వే చట్టంలో చెప్పిన దుర్ఘటనో అయి ఉండాలి. మూడోదే అసలైంది. టిక్కెట్టు తీసుకున్నాక మీ ఫోనుకి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఓ సందేశం వస్తుంది. అందులోకి వెళ్ళి నామినీ పేరు రాయాలి. నూటికి తొంభై మంది దాన్ని లాటరీ మెసేజీ అనుకుని చెరిపేస్తారు! నామినీ లేకపోతే డబ్బు ఎక్కడికీ పోదు గానీ, అసలు వారసులం మేమేనని రుజువు చేసుకోవడానికి మీవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరగాలి. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఆఫీసుల చుట్టూ తిప్పే పాపం మనకెందుకు?

మరి జనరల్ పెట్టెలో వెళ్ళేవాడి గతేమిటంటారా? 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్ళు గుద్దుకున్నాయి. పాసింజరు ఎక్కేవాడికి ఈ 45 పైసల గడి ఎక్కడిది? అతనికి రైల్వే చట్టమే దిక్కు. సరైన టిక్కెట్టుతో ప్రయాణిస్తూ ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 8 లక్షల పరిహారం. ఇది 2017 జనవరి 1 నుంచి ఉన్న లెక్క, అంతకుముందు 4 లక్షలు. దీనికి పాలసీ అక్కర్లేదు, టిక్కెట్టే సాక్ష్యం. కాబట్టి టిక్కెట్టు చింపి దంతాల్లో గుచ్చుకోకండి. ఇల్లు చేరేదాకా జేబులో ఉండనివ్వండి.

ఇంకో తమాషా. చాలామందికి తమకి ఇన్సూరెన్సు ఉన్నట్టే తెలీదు. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఎక్కడెక్కడో సంతకాలు పెట్టించుకుంటారు గదా, వాటిల్లో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఒకటి. 2015లో ఏడాదికి 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ నుంచి 20 రూపాయలైంది. 18 నుంచి 70 ఏళ్ళ లోపు వాళ్ళకి. ప్రమాదంలో పోతే 2 లక్షలు. రైలా, బోటా, మోటారు సైకిలా అని అడగదు. ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి 20 రూపాయలు పోతున్నాయని బ్యాంకువాణ్ణి తిట్టుకునేవాళ్ళున్నారు. తిట్టేముందు అవి దేనికి పోయాయో చూడండి. ఆ 20 రూపాయల సంగతి మీ ఇంట్లో మీకొక్కరికే తెలిస్తే లాభం లేదు. మీరు లేనప్పుడు అడగాల్సినవాళ్ళకి తెలియాలి.

ఇక లాంచీ. 2021లో వచ్చిన అంతర్గత జలరవాణా నౌకల చట్టం ఇంజను పడవలకి ఇన్సూరెన్సు ఉండి తీరాలంటుంది. కాబట్టి పాపికొండలు టిక్కెట్టు కొనేటప్పుడు భోజనంలో పులస ఉందా, పనసపొట్టు కూర ఉందా అని అడిగినట్టే, "బోటుకి ఇన్సూరెన్సు ఉందా? ప్రయాణికులకి ఎంత వర్తిస్తుంది?" అని కూడా అడగండి. జాబితాలో పిల్లల పేర్లతో సహా అందరి పేర్లూ సరిగా రాయించండి. ఎందుకంటే ప్రమాదం జరిగాక మొదట వచ్చే ప్రశ్న 'ఎంతిస్తారు' కాదు, 'ఎక్కారా లేదా' అన్నదే. నీళ్ళల్లో పోయినవాళ్ళతో ఇంకో గండం ఉంది. మనిషి దొరక్కపోతే మరణ ధ్రువపత్రం అంత తేలిగ్గా రాదు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావించాలన్నది చట్టంలో మామూలు సూత్రం. ఆ కాగితం చేతికి రానిదే ఏ కంపెనీ కదలదు. అప్పుడు జాబితాలో పేరొక్కటే ఆ ఇంటికి ఆధారం.

అయినా ఒక్కమాట. లైఫ్ జాకెట్టు తొడుక్కోకుండా పాలసీ జేబులో పెట్టుకునేవాడు, వంట మానేసి విస్తరేసుకున్నవాడితో సమానం. ఉక్కగా ఉందనో, ఫోటోలో బాగోదనో దాన్ని విప్పెయ్యకండి. మనిషిని తేల్చేది జాకెట్టు. ఇన్సూరెన్సు తేల్చేది బాకీలనే.

ఇక విదేశీ యాత్ర. ఇప్పుడు కోనసీమలో ఏ అరుగు మీద చూసినా "అమ్మాయి పురిటికి అమెరికా వెళ్తున్నాం" అన్న మాటే. ఆవకాయ జాడీ సీలు వేయించడానికి వారం రోజులు పడతాయి గానీ, ఇన్సూరెన్సు సంగతి ఏర్‌పోర్టుకి వెళ్ళే కార్లో గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం రెండో ఆలోచన వద్దండి. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసరంగా వచ్చిన రోగిని డబ్బు లేదని ఆస్పత్రి తిప్పి పంపకూడదు. వైద్యం చేస్తారు, బిల్లు వెనకాలే వస్తుంది. ఆ బిల్లుని రూపాయల్లో కాదు, ఎకరాల్లో కొలుచుకోవాలి. అల్లుడిగారి కంపెనీ ఇన్సూరెన్సు అత్తమామలకి వర్తిస్తుందనుకుంటే పొరపాటు. అది సాధారణంగా భార్యాబిడ్డలకే. యూరపు యాత్రకైతే ఈ చర్చే లేదు. షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్సు చూపించాల్సిందే.

అయితే కొనే ముందు ఒక్క ప్రశ్న: "పాత జబ్బులకి వర్తిస్తుందా?" అరవై దాటినవారిలో బీపీ, షుగరు లేనివాళ్ళెంతమంది? చాలా పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బుకి పైసా రాదు. కొన్నింటిలో అది హఠాత్తుగా తిరగబెడితే మాత్రం ఓ పరిమితి దాకా ఇస్తారు. కొన్నింటిలో ఒక్కొక్క చికిత్సకి ఇంతే అని మొత్తం కట్టేసి ఉంటుంది, మిగతాది మన నెత్తినే. కాబట్టి ప్రీమియం తక్కువని మురిసిపోకుండా వైద్యానికి ఎంత దాకా ఇస్తారో, పాత జబ్బుల మాటేమిటో, మొదట మన జేబులోంచి ఎంత పెట్టుకోవాలో చూసుకోండి. షుగరు ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందని దాచిపెట్టేవాళ్ళున్నారు. దాచిన జబ్బు ఆస్పత్రి కాగితాల్లో బయటపడ్డ రోజున, కట్టిన ప్రీమియమూ పోతుంది, క్లెయిమూ పోతుంది.

పాలసీలో పెద్దక్షరాలు మురిపించడానికి, చిన్నక్షరాలు ఏడిపించడానికి. కాబట్టి చిన్నవే ముందు చదవండి. మందు పుచ్చుకుని జరిగిన ప్రమాదం, లైసెన్సు లేని డ్రైవింగు, సాహస క్రీడలు వంటివాటికి చాలా పాలసీలు మొహం చాటేస్తాయి. క్లెయిముకి ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, ఆస్పత్రి కాగితాలు కావాలి.

న్యాయమైన క్లెయిము కొట్టేశారనుకోండి, ఏడుస్తూ కూచోకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణలతో పాటు మన యానాం కూడా ఆయన కిందకే వస్తుంది. ఫీజు లేదు, ప్లీడరూ అక్కర్లేదు.

మొత్తమ్మీద లెక్క ఇదండి. రైలుకి 45 పైసలు, ఏడాదికి 20 రూపాయలు, కళ్ళు మూసుకుని కట్టెయ్యండి. సముద్రం దాటితే కళ్ళు తెరుచుకుని చదివి మరీ కట్టండి. ఊటీ ప్రయాణంలో సూట్‌కేసుకీ, హోటలు అడ్వాన్సుకీ పాలసీ అంటే మాత్రం ఓ నవ్వు నవ్వి, ఆ డబ్బుతో పిల్లలకి ఐస్‌క్రీం కొనిపెట్టండి.

ఆపైన, పాలసీ కాగితం ఎక్కడ పెట్టారో మీ ఆవిడకి చెప్పి మరీ బయల్దేరండి. బీరువాలో పట్టుచీరల కింద పెడితే శ్రేష్ఠం. అక్కడైతే తప్పకుండా చూస్తారు!