మన బతుకే బిట్టు ప్రశ్న

పోయిన పసుపు సీజన్‌లో సంఘం సభ్యత్వాల కోసం కోరుట్ల దిక్కు ఒక ఊరికి పోయాం. ఒక రైతు కళ్లం కాడ పసుపు ఉడకబెడుతున్నాడు. పక్కనే చెట్టు కింద ఆయన బిడ్డ పుస్తకం పట్టుకొని చదువుతోంది. డిగ్రీ అయి ఐదేండ్లు. గ్రూప్-4 రాసింది, గ్రూప్-2 రాసింది, రెండూ రాలేదు. మళ్లీ చదువుతోంది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని మాలో ఒకరు అడిగారు.

"జీకే కాకా. పసుపు మీదనే ఉన్నయ్ బిట్లు" అని నవ్వి, గడగడా చెప్పింది. పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద అమెరికా ఇచ్చిన పేటెంట్ ఏ సంవత్సరం రద్దయింది? 1997. దాని మీద కొట్లాడిన సంస్థ ఏది? సీఎస్ఐఆర్. జాతీయ పసుపు బోర్డు ఎక్కడ, ఎప్పుడు మొదలైంది? నిజామాబాద్‌లో, 2025 జనవరి 14న.

కడాయి కింద మంట ఎగదోస్తున్న తండ్రి తల ఎత్తకుండానే అడిగాడు. "పసుపుకు మద్దతు ధర ఎంత బిడ్డా? అది లేదా నీ పుస్తకంల?"

ఆ పిల్ల పేజీలు తిప్పింది. "కేంద్రం మద్దతు ధర చెప్పేది 22 పంటలకు బాపూ. చెరకుకు వేరే ధర ఉంటది. పసుపు అండ్ల లేదు" అంది. తర్వాత ఎవరం మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఈ ముచ్చట మమ్మల్ని వదలడం లేదు. మన పిల్లలు మన బతుకునే బిట్లుగా బట్టీ పడుతున్నారు. ఆ బిట్టు వెనక ఉన్నది మనమేనని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. చెప్పాల్సిన మనం కూడా "నువ్వు చదువుకో, పొలం దిక్కు రాకు" అంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. 2022 మార్చి 9న అప్పటి ప్రభుత్వం అసెంబ్లీలో 80,039 కొలువులు భర్తీ చేస్తామని చెప్పింది. అందులో 8,180 గ్రూప్-4 పోస్టులకు దాదాపు 9.5 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. అంటే ఒక్కో కుర్చీకి 116 మంది. ఒకరు కూర్చుంటారు, 115 మంది ఇంటికి వస్తారు. ఆ 115 మంది తెలివి తక్కువ వాళ్లు కాదు. కుర్చీలే తక్కువ.

పరీక్షలన్నా సక్కగ జరిగినయా అంటే అదీ లేదు. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకయిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్‌లో రాశారు. గ్రూప్-2కు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 డిసెంబర్‌లో పరీక్ష పెట్టారు. రెండేండ్లు! రెండేండ్లంటే మనకు నాలుగు పంటలు. ఆ నాలుగు పంటల పైసలు అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల కిరాయికి, కోచింగ్ ఫీజులకు పోయినయి. అప్పు తెచ్చిన ఇండ్లున్నయి, గుంటల లెక్కన భూమి అమ్ముకున్న ఇండ్లున్నయి. పేపర్ లీకు చేసినోడు పోగొట్టింది కమిషన్ పరువు ఒక్కటే కాదు. మన కళ్లంలోని వడ్లు కూడా పోగొట్టిండు.

అట్లని పిల్లల్ని చదువు మానమని మేము అనడం లేదు. మనకు తెలుసు, మన దిక్కు పిల్లల ముందున్న తొవ్వలు మూడే. పొలం, గల్ఫ్, లేదంటే సర్కారు కొలువు. పొలం గిట్టుబాటు కాదు. గల్ఫ్‌కు పోయినోళ్ల సంగతి జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఏ ఇంటిని అడిగినా చెప్తారు. అందుకే మూడో తొవ్వకు ఇంత రద్దీ. మేము అనేది ఒక్కటే. ఆ ఒక్కరికి కొలువు వచ్చినా, ఈ 115 మందికి రాకపోయినా, చదివిన చదువు ఊరికి పనికి రావాలి.

వాళ్లు చదివేది ఏందో మనం ఒకసారి తెలుసుకుందాం. గ్రూప్-2లో నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 150 మార్కులు. దాని సిలబస్‌లో జగిత్యాల, సిరిసిల్ల పేర్లు అచ్చయి ఉన్నయి. భూస్వాముల మీద పోరాటాలు, రైతు కూలీ సంఘాలు అని రాసి ఉన్నది. 1978 సెప్టెంబర్‌లో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం బిట్లుగా వస్తయి. ఎక్కడినుంచో వచ్చిన పిల్లలు కూడా ఇవి చదువుతున్నారు. మన పిల్లలు హైదరాబాద్‌లో పైసలు కట్టి, మన ఊరి చరిత్రను ఎవరో చెప్తే నోట్స్ రాసుకుంటున్నారు.

ఆనాడు ఇరవై ఏండ్ల పడుచు పిల్లలుగా ఆ ఊరేగింపులో నడిచినోళ్లు ఇప్పటికీ మన ఊళ్లల్ల ఉన్నారు. దొర గడీ ముందట వెట్టి చేసినోళ్లు, దండుగలు కట్టినోళ్లు, కట్టిన దండుగలు తిరిగి ఇయ్యమని అడిగినోళ్లు ఉన్నారు. ఆ ముసలాయన అరుగు మీద కూసుంటే మనుమడు ఆయన పక్కనుంచే పుస్తకం సంచి వేసుకొని బస్సెక్కుతున్నాడు. మనుమడికి సంవత్సరం తెలుసు. తాతకు సంగతి తెలుసు. ఇద్దరినీ ఒక్క మంచం మీద కూసోబెట్టే పని మనది.

ఇట్లాంటివి ఇంకా ఉన్నయి. నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు అంటే 1937, బోధన్ అని చెప్తారు. అదే కంపెనీకి మన కోరుట్ల పక్కన ముత్యంపేటలో ఒక ఫ్యాక్టరీ ఉండేదని, 2002లో ప్రైవేటు చేతికి పోయిందని, 2015 డిసెంబర్‌లో మూతపడిందని, దాంతో ఇక్కడి చెరకు రైతు వేరే పంటకు మళ్లాల్సి వచ్చిందని తెలుసుకుంటేనే ఆ బిట్టుకు అర్థం. సిరిసిల్ల దేనికి ప్రసిద్ధి అంటే అగ్గిపెట్టెలో పట్టే చీర అంటారు. నిజమే, గొప్పే. కానీ అప్పుల పాలై ప్రాణం తీసుకున్న సిరిసిల్ల నేతన్నల సంగతి ఆ నాలుగు ఆప్షన్లలో ఎక్కడా ఉండదు. శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారని చెప్తారు. కాకతీయ కాలువ చివరి భూములకు నీళ్లెందుకు అందవో చివరి మడి రైతును అడగాలి. 'జగిత్యాల సన్నాలు' వంగడం పొలాస పరిశోధన కేంద్రానిదని చెప్తారు. ఆ గేటు లోపల ఏం జరుగుతదో చూసినోళ్లు ఎంతమంది?

2019 పార్లమెంటు ఎన్నికలది కూడా బిట్టే. నిజామాబాద్ స్థానంలో ఎంతమంది పోటీ చేశారు? 185 మంది. అందులో రైతులు 178 మంది. జగిత్యాల, కోరుట్ల అసెంబ్లీ స్థానాలు ఆ నియోజకవర్గంలోనే ఉన్నయి. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. దేశం ఆశ్చర్యంగా చూసింది. రైతులు అడిగినవి ముఖ్యంగా రెండు. పసుపు బోర్డు, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర. బోర్డు వచ్చింది. ధర రాలేదు. కళ్లం కాడ ఆ తండ్రి అడిగిన ప్రశ్న ఇదే. పిల్లల పుస్తకంలో మొదటి సగం ఉన్నది, రెండో సగం లేదు.

ఇక ఆ చదువు మన పనికి ఎట్లా వస్తదో చూద్దాం. సమాచార హక్కు చట్టం ఏ రోజు అమల్లోకి వచ్చిందని అడిగితే పిల్లలు నిద్రలో కూడా చెప్తారు, 2005 అక్టోబర్ 12. జవాబు ఎన్ని రోజుల్లో ఇయ్యాలి? 30 రోజులు. కానీ వాళ్ల తండ్రి పాసు బుక్కులో తగ్గిన గుంటల కోసం ధరణి పోయి భూభారతి వచ్చినా ఆఫీసు చుట్టూ తిరుగుతనే ఉన్నాడు. పని చేయిస్తానన్న మధ్య మనిషికి పైసలు ఇస్తున్నాడు. దరఖాస్తు ఫీజు ఊరి స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కాగితం మీద నాలుగు మాటలు రాస్తే చాలు. ఆ నాలుగు మాటలు రాయగలిగిన బిడ్డ ఇంట్లోనే ఉన్నది. బిడ్డకు అది పరీక్ష ప్రశ్న అనుకుంటున్నది, తండ్రికి అది ఆఫీసు సంగతి అనుకుంటున్నాడు.

పంటల బీమా పథకం 2016లో వచ్చిందని, వానాకాలం పంటకు రైతు వాటా 2 శాతం అని చదువుతారు. 2020లో మన రాష్ట్రం అందులోంచి బయటికి వచ్చిందని, ఆ తర్వాత వడగండ్లకు మామిడి రాలినా, వడ్లు తడిసినా సర్కారు దయ మీదనే బతకాల్సి వచ్చిందని మనకు తెలుసు. స్వామినాథన్ కమిషన్ 2004లో వేశారని చదువుతారు. సాగు ఖర్చుకు కనీసం యాభై శాతం కలిపి ధర ఇయ్యాలన్నది అందులో ఉన్న మాట. ఇప్పుడు ఇస్తున్న మద్దతు ధరలో మన భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ లెక్కలోకి రావు. 2025-26లో సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు. మన ఖర్చుల చిట్టా పిల్లల ముందు పెట్టి, మీ పుస్తకం లెక్కతో సరిచూడండని అడుగుదాం. అంతకన్నా మంచి ఎకనామిక్స్ పాఠం ఏ కోచింగ్‌లోనూ చెప్పరు.

"పరీక్షకు చదవడానికే టైం సాలదు, ఇయన్నీ ఎప్పుడు?" అని పిల్లలు అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉన్నది. బిట్టు పేపర్లో తండ్రి కష్టానికి మార్కులు వేయరు. కానీ గ్రూప్-1 మెయిన్స్‌లో రాయాల్సింది వ్యాసాలు. వరి కోత నుంచి కొనుగోలు కేంద్రం దాకా, కాంటా నుంచి తరుగు దాకా కండ్లతో చూసిన బిడ్డ రాసేది వేరే ఉంటది. దానికన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉన్నది. 116 మందిలో గెలిచే ఆ ఒక్కరు కూడా చాలాసార్లు రైతు బిడ్డే. రేపు తహసీల్ ఆఫీసులో, వ్యవసాయ శాఖలో, పంచాయతీలో బల్లకు అవతల కూర్చునేది ఆ బిడ్డే. బిట్లు మాత్రమే నేర్చుకొని ఆ కుర్చీ ఎక్కితే, ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టే ఉంటది. మనల్ని రేపు రమ్మనే అధికారిని మనమే భూమి అమ్మి తయారు చేసుకున్నట్టయితది.

అందుకే సంఘం సభ్యుల ముందు కొన్ని మాటలు పెడుతున్నాం.

ఒకటి. వారానికి ఒక సాయంత్రం ఊళ్లో కూసుందాం. రైతు వేదికైనా సరే, బడి అరుగైనా సరే. పరీక్షలకు చదివే పిల్లలు ఆ వారం చదివిన ఒక చట్టం గానీ పథకం గానీ మనకు చెప్పాలి. మనం ఆ సంగతిలో మనకు జరిగింది చెప్పాలి. పాసు బుక్కు, బ్యాంకు నోటీసు, కాంటా చిట్టీ తెచ్చి చూపించాలి. అవసరమైన దరఖాస్తు అక్కడికక్కడే రాయాలి.

రెండు. పెద్దమనుషుల మాటలు పిల్లలు రాసి పెట్టాలి. 1978 చూసిన తరం పోతే మళ్లీ రాదు.

మూడు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉన్నది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మన ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని సమాచార హక్కు కింద అడుగుదాం. ఆ పైసలతో మండలానికో చదువుకునే గది నడిస్తే, పిల్లలు హైదరాబాద్‌లో ఇరుకు గదులకు కిరాయి కట్టే అవసరం తగ్గుతది. మొదటి దరఖాస్తు ఆ పిల్లలతోనే రాయిద్దాం.

నాలుగు. ఉద్యోగాల క్యాలెండర్ అని 2024 ఆగస్టులో అసెంబ్లీలో ప్రకటించారు. చెప్పిన తేదీకి పరీక్ష, లీకు లేని పేపర్, తేదీకి ఫలితం ఉండాలి. ఇది నిరుద్యోగుల డిమాండ్ అని మనం దూరం ఉండొద్దు. ఖర్చు పెట్టేది మనం.

ఐదు, ఇది తల్లిదండ్రులకు. కోచింగ్ కోసం భూమి అమ్మకండి. ఎన్నిసార్లు రాయాలో, ఎంత ఖర్చు పెట్టగలమో బిడ్డతో కూసొని ముందే మాట్లాడుకోండి. కొలువు రాని బిడ్డను పక్కింటి వాళ్లతో పోల్చి మాటలనకండి. 115 మందిలో మన బిడ్డ ఉంటే అది తప్పు కాదు.

కళ్లం కాడి ఆ పిల్ల మేము లేస్తుంటే అడిగింది. "కాకా, పసుపు ఆ 22 పంటలల్ల ఎందుకు లేదు? ఎవరు చేర్చాలె?" ధరల కమిషన్ సిఫారసు చేస్తుంది, కేంద్ర మంత్రివర్గం నిర్ణయిస్తుంది అని చెప్పాం. "అయితే వాళ్లకు రాద్దామా?" అంది. సభ్యత్వ పుస్తకం వెనక పేజీ చింపి ఆ పిల్ల చేతికిచ్చాం. తండ్రి మొదటి సంతకం పెట్టిండు. మీ ఊరి కాగితం కోసం ఎదురు చూస్తున్నాం.